బండి సంగతులు: చక్రం తోమే ముందు

వానలు తగ్గి పండగలు దగ్గరపడే రోజుల్లో ఈ శీర్షికకు చక్రాల మీద ఉత్తరాలు ఎక్కువ వస్తాయి. ఈసారి వాటినే ఒకచోట చేర్చాను. శ్రీకాకుళంలో నా బతుకుతెరువు చక్రాలే. రిమ్ములు కడగడం, సొట్టలు చూడటం, రంగు వేయడం, చక్రం వణక్కుండా చిన్న బరువులు బిగించి తూకం సరిచేసే బ్యాలెన్సింగ్. నా దగ్గరికి వచ్చే పాడైన అల్లాయ్ వీల్స్‌లో చాలావాటిని యజమానులే ఎంతో శ్రద్ధగా, తప్పు వస్తువుతో, గట్టిగా తోమి తెస్తారు. చూస్తే బాధేస్తుంది. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా రాశాను. ఓపిగ్గా చదవండి.

*మా కారు కొని ఏడాదైంది. కడిగిన నాలుగు రోజులకే ముందు చక్రాలు రెండూ మసి పట్టినట్టు నల్లబడుతున్నాయి. వెనకవి బాగానే ఉంటున్నాయి. మా వారు రోడ్డు దుమ్మంటారు. రోడ్డు దుమ్మైతే నాలుగింటికీ పట్టాలి కదండీ?*
— ఒక సోదరి, పలాస

మీ అనుమానమే నిజమమ్మా. అది బ్రేకు పొడి. బ్రేకు తొక్కినప్పుడు రెండు ప్యాడ్లు అటూ ఇటూ డిస్కును నొక్కి పట్టుకుంటాయి. ఆ డిస్కు పోత ఇనుముతో చేసింది. తొక్కిన ప్రతిసారీ ప్యాడూ కొంచెం అరుగుతుంది, డిస్కూ కొంచెం అరుగుతుంది. రాలిన పొడి వచ్చి చక్రం మీద కూర్చుంటుంది. బండి ఆగేటప్పుడు బరువు ముందుకు తూగుతుంది కాబట్టి ముందు బ్రేకుల మీదే ఎక్కువ భారం పడుతుంది. పైగా మన దగ్గర తిరిగే చాలా కార్లకు వెనక ఉండేవి డ్రమ్ము బ్రేకులు. అక్కడ పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది.

మీది పలాస కాబట్టి ఒక మాట చెప్పాలి. చాలా బ్రేకు ప్యాడ్లలో జీడి ఉంటుంది! జీడిపిక్క పెంకులోంచి తీసే నూనెను గట్టిపడేలా చేసి, పొడికొట్టి ప్యాడ్ల మిశ్రమంలో కలుపుతారు. దానివల్ల బ్రేకు పట్టు నిలకడగా ఉంటుంది, చప్పుడూ తగ్గుతుంది. పప్పు తీసుకున్నాక మీ ఊళ్లో మిగిలే పెంకుకు ఇంత పనితనం ఉందని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో.

ఇక అసలు సంగతి. ఆ పొడిలోని ఇనుప రేణువులు డిస్కు దగ్గర వేడెక్కి ఎగిరి, చక్రం పైపూతలో గుచ్చుకుంటాయి. తడి తగిలితే అక్కడే తుప్పు పడతాయి. నెలల తరబడి వదిలేసిన చక్రం మీద నారింజ రంగు చుక్కలు కనిపించేది అందుకే. అప్పుడిక మామూలు షాంపూకు లొంగవు. వారానికొకసారి తేలిగ్గా కడుక్కుంటే ఆ స్థితి రాదు.

కడిగేటప్పుడు చక్రం చల్లగా ఉండాలి. ఊరినుంచి రాగానే కడగొద్దు. వేడి చక్రం మీద షాంపూ ఎండిపోయి మరకలు పడతాయి, వేడి డిస్కు మీద చన్నీళ్లు పడటం దానికీ మంచిది కాదు. కారంతా కడగాలంటే చక్రాలతోనే మొదలుపెట్టండి. లేకపోతే కడిగిన బాడీ మీద మళ్లీ నల్లనీళ్లు చింది పడతాయి. ముందు ఒట్టి నీళ్లతో ఇసుకంతా పోగొట్టండి. తర్వాత బకెట్‌లో కార్ షాంపూ కలిపి, మెత్తటి బ్రష్షుతో చువ్వల సందులు, రిమ్ము లోపలి వైపు, నట్ల గుంతలు తిప్పండి. ఈ బకెట్టూ ఈ గుడ్డా చక్రాలకు మాత్రమే ఉంచండి. వాటిలో ఇనుప రజను చేరుతుంది, అదే గుడ్డతో డోరు తుడిస్తే గీతలు పడతాయి. చివరికి బోరు నీళ్లు వాటంతటవే ఆరేదాకా వదిలేయకుండా పొడిగుడ్డతో తుడవండి. బోరు నీళ్లలోని సున్నం తెల్లచుక్కలుగా మిగిలిపోతుంది.

నారింజ చుక్కలు ఇప్పటికే వచ్చేస్తే ఐరన్ రిమూవర్ అని స్ప్రే దొరుకుతుంది. ఇనుము ఉన్నచోటల్లా అది వంకాయ రంగులోకి మారి కారుతుంది. భయపడకండి, రంగు మారిందంటే మందు పని చేస్తోందని. వాసన మాత్రం కుళ్లిన గుడ్డులా ఉంటుంది. చేతికి గ్లోవ్స్ వేసుకుని, నీడలో, డబ్బా మీద రాసినన్ని నిమిషాలే ఉంచి, ఎండిపోకముందే బాగా కడిగేయండి. కడగడం అయ్యాక వీధిలో ఒక చుట్టు నెమ్మదిగా నడిపి, రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే డిస్కులు ఆరతాయి.

*గురువు గారూ, మా అమ్మ ఇత్తడి సామాను తోమే పౌడరు, చింతపండు కలిపి మా కారు అల్లాయ్ వీల్స్ తోమాను. పచ్చ పీచు కూడా వాడాను. మొదట తళతళలాడాయి. ఆరాక చూస్తే పొగ పట్టినట్టు మసకగా ఉన్నాయి. ఏటి చేస్తే మళ్లీ మునుపట్లా అవుతాయి?*
— ఒక పాఠకుడు, అరసవల్లి

తమ్ముడూ, మాది సారవకోట దగ్గర బుడితి. ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. మా పెద్దవాళ్లు బిందె మీద చింతపండు రుద్దుతుంటే చూస్తూ పెరిగినవాణ్ని. ఇత్తడికి ఆ పద్ధతి ఎందుకు పనికొస్తుందో చెప్తాను, నీ చక్రానికి ఎందుకు చేటు చేసిందో నీకే తెలుస్తుంది.

ఇత్తడి బిందె మీద మరే పూతా ఉండదు. గాలికి, తడికి పైన నల్లటి పొర పడుతుంది. చింతపండులోని పులుపు ఆ పొరను కరిగిస్తుంది, రాపిడి దాన్ని ఎత్తేస్తుంది. కింద మళ్లీ ఇత్తడే. ఎన్నేళ్లు తోమినా బిందె బిందెగానే ఉంటుంది.

నీ అల్లాయ్ వీల్ అలా కాదు. లోపల ఉన్నది సిలికాన్, కొంచెం మెగ్నీషియం కలిపిన అల్యూమినియం. దానిమీద ప్రైమరు, రంగు, ఆపైన క్లియర్ కోట్ అని పారదర్శకమైన లాకరు పూత. మనం చూసి మురిసిపోయే మెరుపు ఆ లాకరుది. నీ పీచు, పౌడరు గీరింది లోహాన్ని కాదు, ఆ పూతనే. సన్న సన్న గీతలు వేలకొద్దీ పడితే వెలుగు చెదిరిపోయి మసకగా కనిపిస్తుంది. తడిగా ఉన్నప్పుడు నీళ్లు ఆ గీతల్ని నింపేస్తాయి కాబట్టి తళతళలాడినట్టు అనిపించింది.

ముందు ఒక పరీక్ష చెయ్యి. చక్రం వెనక వైపు, కనిపించని చోట, తెల్లగుడ్డకు మెటల్ పాలిష్ ఒక చుక్క పెట్టి కొంచెం రుద్దు. గుడ్డ నల్లబడితే అక్కడ ఒట్టి అల్యూమినియం బయటపడి ఉన్నట్టు. నల్లబడకపోతే లాకరు ఇంకా ఉన్నట్టే. ఆ తర్వాత ముందువైపు మసకబారిన చోట కూడా ఇలాగే చూడు.

లాకరు మిగిలి ఉంటే పెద్ద బాధ లేదు. డెంటింగ్, పెయింటింగ్ షాపులో కారు బాడీకి వాడే సన్నరకం రబ్బింగ్ కాంపౌండ్, దాని తర్వాత పాలిష్, మెత్తటి ప్యాడ్‌తో చేత్తోనే చేయించు. మెషిన్ వద్దు. చువ్వల అంచుల దగ్గర పూత పల్చగా ఉంటుంది, మెషిన్ పెడితే క్షణంలో తెగిపోతుంది. పరీక్షకు పెట్టే ఆ ఒక్క చుక్క తప్ప ఇత్తడి పాలిష్, మెటల్ పాలిష్ లాకరు మీద పొరపాటున కూడా వద్దు. ఒకవేళ లాకరు అక్కడక్కడా ఊడిపోయి ఉంటే పాలిష్‌తో పని జరగదు. ఆ చక్రానికి పాత పూత తీసి కొత్తగా వేయించుకోవలసిందే.

పులుపు సంగతి కూడా విను. అల్యూమినియం మీద సహజంగానే కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఒకటి ఉంటుంది, లోహాన్ని కాపాడేది అదే. పులుపునూ క్షారాన్నీ కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అంకె తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. అది సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతవరకే ఆ పొర నిలుస్తుంది. చింతపండు, నిమ్మరసం ఆ కింది గీత కన్నా బాగా దిగువన ఉంటాయి. బట్టల సబ్బు పొడి, చాకలి సోడా పై గీత దాటేస్తాయి. కాస్టిక్ సోడా అయితే అల్యూమినియాన్ని తినేస్తుంది. లాకరు పగిలిన చోట ఇవి నేరుగా లోహాన్ని తాకుతాయి. కార్ షాంపూ కొనమని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

*మాది కళింగపట్నం. ఇంటినుంచి సముద్రం కనిపిస్తుంది. చక్రాల మీద లాకరు కింద తెల్లగా, వానపాము పాకినట్టు గీతలు వస్తున్నాయి. గోరుతో గీస్తే పైపొర రేకులుగా ఊడుతోంది. నేనేమీ గట్టిగా తోమలేదు. కారణం ఏమిటి? ఏదైనా కోటింగ్ వేయించమంటారా?*
— విశ్రాంత ఉపాధ్యాయుడు

మాస్టారూ, కారణం ఉప్పు. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపరలో ఉప్పు ఉంటుంది, గాలి దాన్ని మీ ఇంటిదాకా మోసుకొస్తుంది. రాయి ఎగిరి తగిలిన చోటో, నట్ల దగ్గర స్పానరు జారిన చోటో, టైరు మార్చేటప్పుడు రిమ్ము అంచు గీరుకున్న చోటో, బ్యాలెన్సింగ్ బరువు క్లిప్పు బిగించిన చోటో లాకరుకు చిన్న పగులు ఉంటే చాలు. ఉప్పుతడి అందులోకి దూరి, లోపలి ఆక్సైడ్ పొరను ఛేదించి, లాకరు కిందనే పాక్కుంటూ పోతుంది. మీరు చూసిన తెల్లటి గీత అలా అల్యూమినియాన్ని తినేసిన దారి. పైనుంచి ఎంత కడిగినా దానికి అందదు.

అందువల్ల గీతలు వచ్చేసిన చక్రం మీద ఇప్పుడు కోటింగ్ వేయించొద్దు. రోగాన్ని లోపల పెట్టి తలుపు మూసినట్టే. ముందు ఆ భాగం లాకరు పూర్తిగా తీయించి, తెల్లటిదంతా పోయి నిగనిగలాడే లోహం కనిపించేదాకా వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) రుద్దించి, ప్రైమరు, రంగు, కొత్త లాకరు వేయించండి. పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే పూత, చేయిస్తే ఓవెన్‌లో ఎంత వేడి పెడతారో, ఎంతసేపు ఉంచుతారో అడగండి. అల్లాయ్ వీల్‌కు బలం వచ్చేది ఫ్యాక్టరీలో చేసిన వేడి ప్రక్రియ వల్ల. మోతాదు మించి కాల్చితే ఆ బలం తగ్గుతుంది. చక్రం మీద ప్రాణాలు ఉంటాయి కాబట్టి ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.

మిగతా చక్రాలకు మాత్రం కోటింగ్ తప్పక మేలు చేస్తుంది. మూడు రకాలున్నాయి. కార్నూబా మైనం చౌక, మెరుపూ బాగుంటుంది. కానీ అది దాదాపు 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. బ్రేకుల వేడి పక్కనే ఉండే చక్రం మీద ఎక్కువ రోజులు నిలవదు. సింథటిక్ సీలెంట్ అంతకన్నా నయం, నెలల పాటు ఉంటుంది. సిరామిక్ కోటింగ్ ఖరీదైనది. వేడికి, షాంపూకు అన్నిటికన్నా బాగా తట్టుకుంటుంది. మీ ఇల్లు ఉన్న చోటుకి నేనైతే దాన్నే వేయిస్తాను. నాలుగు చక్రాలూ ఊడదీసి లోపలివైపు కూడా వేయమనండి, ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. ఏ కోటింగూ రాయి దెబ్బను ఆపదు. పగులు కనపడగానే టచప్ లాకరు ఒక చుక్క పెట్టండి.

కోటింగ్ ఉన్నా లేకపోయినా సరే, వారంలో రెండుసార్లు మంచినీళ్లతో చక్రాలు తడిపి తుడవండి. షాంపూ అక్కర్లేదు. ఉప్పు నీటిలో తేలిగ్గా కరిగిపోతుంది, అదే మన అదృష్టం. తుపాను గాలి వీచిన మర్నాడు మాత్రం తప్పకుండా కడగండి. వంశధార మొగ దగ్గర ఇసుకలోకి కారు దింపే కుర్రాళ్లను కూడా మీరే మందలించాలి మాస్టారూ, మీ మాటైతే వింటారు.

*దసరాకు కారుకి ఆయుధపూజ చేసి నాలుగు చక్రాలకూ పసుపు, కుంకుమ పెట్టాం. సిరిమానోత్సవం అయ్యాక సర్ఫు నీళ్లతో కడిగితే పసుపున్న చోటల్లా ఎర్రగా మారిపోయింది. తుప్పు పట్టిందా అని టెన్షన్‌గా ఉంది.*
— ఒక గృహిణి, విజయనగరం

తుప్పు కాదమ్మా, టెన్షన్ పడకండి. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మన ఇళ్లలో పసుపూ సున్నం కలిపి పారాణి చేసేది ఆ గుణంతోనే. బట్టల సబ్బు పొడిలో క్షారం ఉంటుంది. మంచినీళ్లతో బాగా కడిగేస్తే ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. మిగిలిన పసుపు మరకను ఎండకు వదిలేయండి, వెలుతురుకు దానంతటదే వెలిసిపోతుంది. వచ్చే ఏడు పసుపు, కుంకుమ టైరు రబ్బరు మీద పెట్టండి. పూజకు లోటూ రాదు, రిమ్ముకు మరకా పడదు. చక్రాల కింద తొక్కించిన నిమ్మకాయ రసం చిందితే అదే రోజు ఒక చెంబు నీళ్లు పోస్తే సరిపోతుంది.

*మా ఊళ్లో వాటర్ సర్వీసింగ్ దగ్గర ఒక సీసాలోంచి ఏదో కొట్టగానే చక్రం నిమిషంలో తెల్లగా అయిపోతోంది. కుర్రాణ్ని అడిగితే "యాసిడ్ సార్" అన్నాడు. ఇది మంచిదేనా?*
— ఒక పాఠకుడు, చీపురుపల్లి

మంచిది కాదు. దాన్ని కొట్టనివ్వకండి.

చక్రాలకు వాడే యాసిడ్ క్లీనర్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, దాన్ని పుట్టించే బైఫ్లోరైడ్ ఉప్పులు కలిసినవి. మామూలు యాసిడ్ పడితే వెంటనే చురుక్కుమంటుంది, చెయ్యి వెనక్కి తీసుకుంటాం. ఇది నీళ్లు కలిపి పల్చన చేసినప్పుడు మొదట నొప్పే తెలియకపోవచ్చు. చర్మంలోకి ఇంకి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. గంటల తర్వాత భరించలేని నొప్పి మొదలవుతుంది. ఎక్కువ పడితే గుండె మీద కూడా దెబ్బ కొడుతుంది. వేళ్ల సందుల్లోంచి అది కారుతుండగా చక్రాలు తోమే పిల్లలకు గ్లోవ్స్ కూడా ఉండవు. చక్రం సంగతి తర్వాత, ముందు ఆ పిల్లల గురించి నాకు దిగులు.

మీకు తెలిసిన సర్వీసింగ్ యజమానికి నచ్చజెప్పండి. సీసా మీద ఫ్లోరైడ్ అనే మాట ఏ రూపంలో ఉన్నా ఆ సరుకు మానేయాలి. సీసాకు లేబులే లేకపోతే అసలే వాడకూడదు. పొరపాటున ఒంటిమీద పడితే తడిసిన బట్టలు తీసేసి, ధారగా నీళ్లతో కడుగుతూనే ఆస్పత్రికి బయల్దేరాలి. నొప్పి లేదు కదా అని ఆగకూడదు. ఏ మందు పడిందో డాక్టరుకు పేరుతో చెప్పాలి. దీనికి కాల్షియం గ్లూకోనేట్ అని ప్రత్యేకమైన విరుగుడు ఉంది.

చక్రానికి జరిగేది కూడా చెప్తాను. లాకరు మొద్దుబారుతుంది, పగుళ్ల దగ్గర అల్యూమినియం పాలిపోయి తెల్లబడుతుంది. ఆ తెల్లదనం చూసి శుభ్రమైందని అనుకుంటాం.

*నాది స్టీల్ రిమ్ముల ట్యాక్సీ. గజపతినగరం నుంచి సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ ట్రిప్పులు. ప్లాస్టిక్ క్యాపులు తీస్తే లోపల తుప్పు. సిల్వర్ పెయింట్ నేనే కొట్టుకోవచ్చా అన్నా? ఘాట్ దిగితే చక్రాలు నల్లగా, వేడిగా కాలిపోతున్నాయి.*
— ఒక డ్రైవరు

నువ్వే కొట్టుకోవచ్చు తమ్ముడూ, స్టీల్ రిమ్ము మనిషికి సాయంగా ఉంటుంది. చక్రం విప్పి, వైరు బ్రష్షుతో తుప్పు రేకులన్నీ రాల్చు. వాటర్ పేపర్‌తో రుద్ది, థిన్నరు గుడ్డతో జిడ్డు తుడిచి, ప్రైమరు ఒక పూత, అది ఆరాక సిల్వర్ రెండు పల్చటి పూతలు వెయ్యి. రెండుచోట్ల మాత్రం రంగు పడకూడదు. నట్టు కూర్చునే గుంత ఒకటి, హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి, ఆనుకునే వెనక ముఖం రెండోది. అక్కడ మందంగా రంగుంటే, బండి నడిచాక అది నలిగి నట్లు వదులవుతాయి. టేపు అంటించి రంగు కొట్టు. మళ్లీ బిగించేటప్పుడు నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించు, మరలకు గ్రీజు రాయకు, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూసుకో. క్యాపుల వెనక తడిమట్టి నిలిచిపోయే తుప్పు మొదలవుతుంది, కడిగినప్పుడల్లా క్యాపు తీసి కడుగు.

ఘాట్ సంగతి పెయింట్ కన్నా ముఖ్యం. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగు. ఇంజనే బండిని పట్టుకుంటుంది. న్యూట్రల్ అన్న మాటే వద్దు. దిగువదాకా బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. నల్లటి పొడి దానికి ముందు కనిపించే గుర్తు.

*క్లియర్ కోట్ మొత్తం తీసేసి అద్దంలా పాలిష్ చేద్దామనుకుంటున్నాను. ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, గేరు వేసి తిరుగుతుండగా వాటర్ పేపర్ పట్టుకుంటే పని తొందరగా అవుతుందని ఫ్రెండ్ చెప్పాడు.*
— ఇంజనీరింగ్ విద్యార్థి, రాజాం

బాబూ, రెండో మాట ముందు. జాకీ మీద తిరుగుతున్న చక్రం దగ్గర చెయ్యి పెట్టకు. జాకీ పక్కకు ఒరిగితే కారు నీ మీదికి దూకుతుంది. గుడ్డ చువ్వలో చిక్కితే చేతిని లాక్కుపోతుంది. చక్రం విప్పి, గోనెసంచి మీద పడుకోబెట్టి చేసుకో.

పాలిష్ చెయ్యాలనే ఉంటే పద్ధతి ఇదీ. పెయింట్ రిమూవర్‌తో పూతంతా తీసెయ్. 400 నంబరు వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి 600, 800, 1000, 1500, 2000 దాకా, నీళ్లు పోస్తూ రుద్దు. ముందు నంబరు గీతలన్నీ పోయాకే తర్వాతి నంబరుకు వెళ్లు. తొందరపడితే చివర్లో మెరుపులోంచి 400 గీతలు బయటపడతాయి, మళ్లీ మొదటికి రావాలి. ఆఖరున మెటల్ పాలిష్. గుడ్డ నల్లబడుతుంది, అది అల్యూమినియమే. వెండిలా వస్తుంది, చూస్తే కడుపు నిండుతుంది, కాదనను.

కానీ ఆ రోజునుంచి దానికి కాపలా నువ్వే. లాకరు లేని అల్యూమినియం మన గాలికి కొన్ని వారాల్లోనే పాలిపోతుంది. వానాకాలమంతా రుద్దుతూ, మైనం పెడుతూ ఉండాలి. చదువుకునే కుర్రాడివి, అంత తీరిక ఉంటుందా ఆలోచించుకో. నీ చక్రం ముఖం మీద గ్రామఫోన్ రికార్డులా సన్నటి వలయాలుంటే అది డైమండ్ కట్ రకం, లేత్ మీద కోసింది. దాన్ని రుద్దితే ఆ పనితనమంతా పోతుంది. మళ్లీ లేత్ పట్టించాలన్నా ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి అన్నిసార్లు కుదరదు.

*పొలం గట్టు దారిలో బురదలో వెళ్లొచ్చాక, మర్నాడు హైవే మీద 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. అల్లాయ్ వంగిందేమోనని భయం.*
— రైతు, బొబ్బిలి

ముందు చక్రాల లోపలివైపు టార్చి వేసి చూడండి. రిమ్ము లోపల ఒకపక్క బురద గట్టిపడి ఉంటే బ్యాలెన్స్ తప్పి అలాగే వణుకుతుంది. నీళ్లు పోసి నాననిచ్చి, చెక్కముక్కతో గోకి తీయండి, స్క్రూడ్రైవరు వాడకండి. అప్పటికీ వణుకు పోకపోతే బ్యాలెన్సింగ్ షాపుకి తీసుకెళ్లి చక్రాన్ని మెషిన్ మీద తిప్పి చూడమనండి. వంపు ఉంటే అక్కడే కంటికి తెలుస్తుంది. చిన్న పగులు కనిపించినా వెల్డింగ్ చేయించొద్దు, ఆ చక్రం మార్చేయండి.